ఊరికి పంపేస్తే సరిపోతుందా? కరిచే పెంపుడు కుక్క, కారుణ్య మరణం

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, బెల్లందూరు వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగు ఇళ్లలో పెంపుడు కుక్క ఎవరినైనా రక్తం వచ్చేలా కరిచిందంటే తరచుగా వినిపించే మాట "ఊరికి పంపేద్దాం". మదనపల్లె దగ్గరో, హిందూపురం దగ్గరో, కుప్పం దగ్గరో పెద్దవాళ్ల ఇల్లుంటుంది. వెనక పెరడు, దాటితే తోట. ఫ్లాట్‌లో ఇమడలేని కుక్క అక్కడ హాయిగా బతుకుతుందని ఇంట్లో వాళ్లు నమ్ముతారు. రెండోసారి, మూడోసారి కరిచాక, పనమ్మాయి చేతికి కుట్లు పడ్డాక పశువైద్యుడి దగ్గర ఇంకో మాట వస్తుంది: కారుణ్య మరణం, అంటే నొప్పి తెలియకుండా మందిచ్చి ప్రాణం తీయడం. నయం కాని జబ్బుతో బాధపడుతున్న ముసలి కుక్క విషయంలో ఈ మాట అర్థమవుతుంది. మూడేళ్ల వయసులో ఆరోగ్యంగా ఉండి, పిలిస్తే ఒళ్లో తల పెట్టే కుక్క విషయంలో ఎలా అర్థం చేసుకోవాలన్నదే చిక్కు.

క్లుప్తంగా

కుక్క కరిచిందా లేదా అన్నదానికన్నా ఎంత లోతుగా కరిచింది, ముందు హెచ్చరించిందా, ఆ ఇంట్లో ఎవరున్నారు అన్నవే నిర్ణయానికి ఆధారాలు. నొప్పి, జబ్బు కారణమేమో చూడకుండా, మందులు, సరైన శిక్షణ ప్రయత్నించకుండా కారుణ్య మరణం గురించి ఆలోచించకూడదు. ఇవన్నీ చేశాక కూడా ప్రాణాపాయం మిగిలితే, కుక్కను ఊరికి పంపడం దానికి పరిష్కారం కాదు. ఆ ప్రమాదం మరొకరి ఇంటికి మారుతుంది, అంతే.

అయోమయం ఎక్కడ మొదలైంది

ఈ రెండు మూడేళ్లలో కుక్కల గురించి వచ్చిన వార్తలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతుల అమ్మకాన్ని, పెంపకాన్ని ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. మే నెలలో చెన్నై నుంగంబాక్కంలోని ఒక పార్కులో రెండు రాట్‌వీలర్లు ఐదేళ్ల పాపను తీవ్రంగా గాయపరిచాయి. 2025 ఆగస్టులో అదే నగరంలో, జాఫర్‌ఖాన్‌పేటలో, పిట్‌బుల్ దాడిలో ఒక వ్యక్తి చనిపోయాడు. ఆ డిసెంబరులో చెన్నై కార్పొరేషన్ ఈ రెండు జాతులకు కొత్త లైసెన్సులు ఇవ్వకూడదని తీర్మానించింది. ఈ మధ్యలో, 2025 ఆగస్టు 22న, సుప్రీంకోర్టు వీధి కుక్కల మీద ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ప్రవర్తించేవాటిని మాత్రం వదలకూడదని అందులో ఉంది.

ఈ చివరి ఉత్తర్వు వీధి కుక్కల గురించి. ఇంట్లో పెంచే కుక్కకు అది నేరుగా వర్తించదు. అలాగే జాతుల జాబితాలు చూసి ధైర్యం తెచ్చుకోవడానికీ లేదు, భయపడడానికీ లేదు. పెద్ద దవడ ఉన్న జాతి కరిస్తే గాయం పెద్దదవుతుంది, అది నిజం. కానీ పిల్లల ముఖాన్ని గాయపరచడానికి లాబ్రడార్‌కూ, బీగిల్‌కూ, వీధి నుంచి తెచ్చుకున్న దేశవాళీ కుక్కకూ బలం చాలు. పశువైద్యుడి ముందు కూర్చున్నప్పుడు తేలాల్సింది ఈ ఒక్క కుక్క సంగతి.

కాట్లన్నీ ఒకటి కావు

కాటు తీవ్రతను కొలవడానికి పశువైద్యుడు, శిక్షకుడు ఇయాన్ డన్‌బార్ తయారు చేసిన ఆరు మెట్ల కొలమానాన్ని చాలా దేశాల్లో వాడుతున్నారు. మొదటి మెట్టులో కుక్క మీదికొస్తుంది, మొరుగుతుంది, పన్ను మాత్రం తగలదు. రెండో మెట్టులో పన్ను తగులుతుంది, చర్మంలో దిగదు. మూడో మెట్టులో ఒకే కాటుకు ఒకటి నుంచి నాలుగు గాట్లు పడతాయి, కానీ ఏదీ కోరపన్ను పొడవులో సగానికి మించి లోతు ఉండదు. నాలుగో మెట్టులో కనీసం ఒక గాటు ఆ సగాన్ని దాటుతుంది. పట్టుకున్నది వదలకుండా విదిలించిన చీలికలు, చుట్టూ కమిలిన మచ్చలు కూడా కనిపించొచ్చు. ఐదోది అలాంటి లోతైన కాట్లు పలుమార్లు పడ్డ దాడి. ఆరోది మరణం.

మూడుకీ నాలుగుకీ మధ్య ఉన్న గీతే అన్నిటికన్నా ముఖ్యం. కుక్క కదలిక మనిషి కన్నా చాలా వేగం. అది గాల్లో పళ్లు కొరికి ఆగిందంటే గురి తప్పి కాదు, ఆపుకోగలిగింది కాబట్టి. పళ్లను ఎంత బలంగా దించాలో పిల్లగా ఉన్నప్పుడే తల్లి దగ్గర, తోబుట్టువులతో ఆడుకుంటూ నేర్చుకుంటుంది. ఈ అదుపు బాగా ఉన్న కుక్క పదిసార్లు కరిచినా పదీ రెండో మెట్టు దగ్గరే ఆగొచ్చు. అదుపు లేని కుక్క మొదటిసారే నాలుగో మెట్టుకు వెళ్లొచ్చు. పెద్దయ్యాక దీన్ని నేర్పడం దాదాపు అసాధ్యం. భయాన్ని తగ్గించవచ్చు, కరిచే సందర్భాలను తగ్గించవచ్చు. కరిస్తే ఎంత లోతుగా కరుస్తుందన్నది మాత్రం పెద్దగా మారదు. ఐదు, ఆరు మెట్లకు చేరిన కుక్కల విషయంలో డన్‌బార్ స్వయంగా కారుణ్య మరణాన్నే సూచించారు. జీవితాంతం ఒంటరిగా బంధించి ఉంచడం ఆ కుక్కకూ బతుకు కాదన్నది ఆయన చెప్పిన కారణం.

ఎందుకిలా మారుతుంది

కుక్కపిల్ల మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా చూసిన ప్రపంచాన్నే మామూలు ప్రపంచంగా లెక్క వేసుకుంటుంది. ఆ వయసులో గొడుగు, హెల్మెట్, చక్రాల కుర్చీ, చిన్నపిల్లల కేకలు చూడనిది పెద్దయ్యాక వాటికి బెదురుతుంది. కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ముప్ఫై రోజులకే తల్లి నుంచి వేరు చేసి అమ్మేస్తున్న వాళ్లు ఇంకా ఉన్నారు. కొన్న తర్వాత టీకాలు పూర్తయ్యేదాకా గడప దాటించవద్దన్న సలహాతో ఇంకో రెండు నెలలు పోతాయి. అంటే నేర్చుకునే వయసంతా నాలుగు గోడల మధ్య గడిచిపోతుంది.

తర్వాత ఆ కుక్క వచ్చి చేరేది పన్నెండో అంతస్తుకు. భయపడ్డ కుక్క మొదట వెతికేది తప్పుకునే దారి. లిఫ్టులో అది లేదు. సన్నటి కారిడార్‌లో లేదు. మెడకు గొలుసు ఉండగా ఎదురుగా వీధి కుక్కల గుంపు వస్తే అక్కడా లేదు. తప్పుకునే దారి మూసుకుపోయినప్పుడు మిగిలేది ఎదురు తిరగడమే. అలా ఒకసారి మీదికి దూకితే ఎదుటి మనిషి వెనక్కి తగ్గుతాడు. ఈ ఉపాయం పనిచేస్తోందని కుక్కకు అర్థమవుతుంది. అక్కడి నుంచి అది అలవాటుగా ముదురుతుంది.

భయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి కూడా. ఉదయం పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగ్, మధ్యాహ్నం డెలివరీ బెల్లు, సాయంత్రం టపాసులు. ఏ ఒక్కదానికీ కరవని కుక్క రాత్రి చెవి దగ్గర చెయ్యి పెట్టిన ఇంటి మనిషినే కరుస్తుంది. "ఏమీ చేయలేదు, ఉన్నట్టుండి కరిచింది" అని చెప్పే సంఘటనల్లో చాలావాటి వెనక ఇలాంటి రోజే ఉంటుంది.

మొరిగే కుక్క కరవదన్న సామెతను ఇక్కడ నమ్మకూడదు. మూతి నాక్కోవడం, ఆవలించడం, ముఖం తిప్పుకోవడం, ఒళ్లు బిగబట్టడం, గుర్రుమనడం, ఆ తర్వాత కాటు: ఇది కుక్క ఎక్కే మెట్ల వరుస. గుర్రుమన్నప్పుడల్లా కొడితే అది గుర్రుమనడం మానేస్తుంది. భయం అలాగే ఉంటుంది, హెచ్చరిక ఒక్కటే పోతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు 2009లో ప్రచురించిన సర్వేలో 140 మంది యజమానులను అడిగారు. కొట్టడం, తన్నడం లాంటివి చేసినప్పుడు 43 శాతం కుక్కలు తిరిగి దూకుడు చూపాయి. బలవంతంగా వెల్లకిలా పడేసి అదిమిపట్టినప్పుడు 31 శాతం. "బాస్ ఎవరో చూపించాలి" అంటూ గంటకింత ఫీజు తీసుకునే ట్రైనర్లు బెంగళూరులోనూ చెన్నైలోనూ ఉన్నారు. మన దేశంలో ట్రైనర్ కావడానికి లైసెన్సు అక్కర్లేదు. ముదిరిన కేసుల్లో కొన్నిటిని ఈ శిక్షణే ముదరబెట్టింది.

ముందు ఒళ్లు చూడాలి

నెమ్మదిగా ఉండే కుక్క హఠాత్తుగా మారితే మొదట అనుమానించాల్సింది నొప్పిని. తుంటి కీలు అరుగుదల, చెవిలో చీము, పుచ్చిన పన్ను, వెన్ను నొప్పి బయటికి కనబడవు. కుక్క కుంటకపోవచ్చు కూడా. థైరాయిడ్ తగ్గడం, మూర్ఛ, మెదడులో కణితి లాంటివి అరుదే కానీ చూడాల్సినవే. బెంగళూరు హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, చెన్నై వేపేరిలో 1903 నుంచి నడుస్తున్న మద్రాస్ వెటర్నరీ కాలేజీ లాంటి చోట్ల ఎక్స్‌రే, రక్త పరీక్షలు ఒకేచోట అవుతాయి. నొప్పి ఉందేమోనన్న అనుమానం పరీక్షల్లో తేలకపోతే, కొన్ని వారాలు నొప్పి మందు ఇచ్చి ప్రవర్తన మారుతుందేమో చూడడం కూడా ఒక పద్ధతి.

ఆందోళన తగ్గించే మందులు మనుషులకు వాడేవే: ఫ్లూయొక్సెటిన్, క్లోమిప్రమిన్. ఇవి పనిచేయడం మొదలుపెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఎనిమిది వారాలు పడుతుంది. పది రోజులు వాడి "పనిచేయలేదు" అని ఆపేయడం చాలా చోట్ల జరుగుతోంది. మందు ఒక్కటే కుక్కను మార్చదు. భయం కాస్త దిగితే కొత్త సంగతి నేర్చుకునే వీలు కలుగుతుంది, ఆ నేర్పడం పక్కన జరగాలి. ప్రవర్తన వైద్యంలో ప్రత్యేక శిక్షణ ఉన్న పశువైద్యులు మన దగ్గర చాలా తక్కువ. అందువల్ల మామూలు పశువైద్యుడు, కొట్టకుండా నేర్పే శిక్షకుడు కలిసి పనిచేయాల్సి వస్తుంది. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడడం యజమాని పనే అవుతోంది.

వైద్యం సాగుతున్నన్నాళ్లూ కట్టడి తప్పదు. బయటికి వెళ్లేటప్పుడు మూతికి బుట్ట చిక్కం వేయాలి. నోటిని బిగించే గుడ్డ చిక్కం ఎక్కువసేపు ఉంచితే కుక్క రొప్పలేదు, చెన్నై ఎండలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో కుక్కకూ అతిథికీ మధ్య ఎప్పుడూ రెండు అడ్డాలుండాలి. ఒక తలుపు పొరపాటున తెరుచుకున్నా రెండోది ఆపాలి.

చట్టం ఎంతవరకు చెబుతోంది

1960 నాటి జంతుహింస నివారణ చట్టం అనవసరంగా క్రూరమైన పద్ధతిలో చంపడాన్ని నేరమంటుంది. వీధి కుక్కల కోసం చేసిన 2023 జనన నియంత్రణ నిబంధనలు నయం కాని జబ్బు, చావు తప్పని గాయం ఉన్నప్పుడు కారుణ్య మరణాన్ని అనుమతిస్తాయి. ఆరోగ్యంగా ఉండి ప్రమాదకరంగా ప్రవర్తించే పెంపుడు కుక్క సంగతి ఈ రెంటిలోనూ స్పష్టంగా లేదు. అందుకే ఒక డాక్టరు ఒప్పుకుంటారు, ఇంకొకరు ససేమిరా అంటారు. కాటు వివరాలు, వాడిన మందులు, తీసుకున్న జాగ్రత్తలు కాగితం మీద ఉంటే, రెండో పశువైద్యుడి అభిప్రాయం కూడా రాతపూర్వకంగా ఉంటే ఇరువైపులా భద్రత.

వేరే దేశాల్లో ఈ విషయం మీద మాట కొంత స్పష్టంగా ఉంది. ఇటలీ 1991లో చేసిన చట్టం షెల్టర్‌లో ఉన్న కుక్కను తీవ్రమైన లేదా నయం కాని జబ్బు ఉంటేనో, ప్రమాదకరమని రుజువైతేనో తప్ప చంపకూడదంది. జర్మనీ చట్టం ఏ జంతువునైనా చంపడానికి సమంజసమైన కారణం చూపమంటుంది. ఇంగ్లండ్‌లో మూడేళ్లలోపు కుక్కల మరణాల మీద 2018లో వచ్చిన అధ్యయనంలో దాదాపు మూడోవంతుకు ప్రవర్తన సమస్యలే కారణమని, అందులో దూకుడే ముందుందని తేలింది. మన దగ్గర ఇలాంటి లెక్క బయటికి రాదు. ఈ కుక్కల్లో చాలావాటిని ఊరికో, తోటకో, ఎవరికో ఇచ్చేస్తారు కాబట్టి.

చెప్పకుండా ఇచ్చేయడం చట్టం కంట్లో పడని పని కాదు. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు రాకుండా జాగ్రత్తపడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా పడొచ్చు. కుక్కను ఆకలికి, దాహానికి వదిలేయడమూ 1960 చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలు. ఆ అంకె చూస్తే రోడ్డు పక్కన దింపేసి కారెక్కేవాళ్లకు భయం ఎందుకు లేదో తెలుస్తుంది.

ఊరికి పంపితే ఏమవుతుంది

కొన్ని కుక్కలకు ఇల్లు మారితే నిజంగానే మేలు జరుగుతుంది. ఇంట్లో ఉన్న ఇంకో కుక్కతోనే గొడవ పడేది, లిఫ్టు తప్ప వేరే చోట బెదరనిది, మొదటి రెండు మెట్లు దాటనిది కొత్త చోట బాగుపడొచ్చు. తీసుకునేవాళ్లకు చరిత్రంతా చెప్పి, వాళ్లు ఒప్పుకుని తీసుకుంటే అది బాధ్యతగా చేసిన పనే.

నాలుగో మెట్టు దాటిన కుక్క సంగతి వేరు. పల్లెలో వీధి తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. పక్కింటి పిల్లలు అడగకుండానే లోపలికి వస్తారు. అక్కడ కుక్కను పట్టుకోవాల్సింది అరవై ఐదేళ్ల తాతయ్య. మందు బిళ్ల రోజూ ఎవరు వేస్తారు, చిక్కం ఎవరు తొడుగుతారు అన్నది పంపేటప్పుడు ఎవరూ అడగరు. చాలా చోట్ల చివరికి దాన్ని గొలుసుతో చెట్టుకు కట్టేస్తారు. ఎప్పుడూ కట్టేసి ఉండే కుక్కలో దూకుడు ఇంకా పెరుగుతుంది. ఎవరినైనా మళ్లీ కరిస్తే ఊళ్లో కర్రలతోనో విషంతోనో దాని కథ ముగుస్తుంది. తెలిసిన చెయ్యి పక్కన లేకుండా, నొప్పితో.

స్వచ్ఛంద సంస్థల షెల్టర్లు కూడా ఈ భారం మోయలేవు. చెన్నై బ్లూ క్రాస్, బెంగళూరు క్యూపా లాంటి సంస్థల దగ్గర గాయపడిన జంతువులకే చోటు చాలదు. మనుషులకు ప్రమాదమైన కుక్కను షెల్టర్‌లో ఉంచడమంటే దాన్ని ఒంటరి బోనులో ఏళ్ల తరబడి ఉంచడం, ఆ బోను కడిగే మనిషిని రోజూ ప్రమాదంలో పెట్టడం.

దేన్నిబట్టి నిర్ణయించాలి

అనుభవమున్న పశువైద్యులు అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. కాటు ఏ మెట్టు? ఏం చేస్తే కరుస్తుందో ముందే చెప్పగలరా? హెచ్చరిస్తుందా? ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు, నెమ్మదిగా కదిలే పెద్దలు ఉన్నారా? కుక్క బరువెంత? రెండు తలుపుల కట్టడి రాబోయే ఎనిమిది, పదేళ్లు ఒక్కరోజు తప్పకుండా సాగుతుందా? ముప్ఫై కిలోల కుక్క, హెచ్చరిక లేకుండా నాలుగో మెట్టు కాట్లు, ఇంట్లో పాకే బిడ్డ: ఈ మూడూ ఒకేచోట ఉంటే ఎంత మంచి కట్టడి అయినా సరిపోదు. ఒక్క గృహప్రవేశం రోజు, చుట్టాలు వచ్చిన హడావిడిలో ఒక్క తలుపు చాలు. అదే ఐదు కిలోల కుక్క, గిన్నె దగ్గరికి వస్తేనే కరిచేది, పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇల్లు అయితే దానికి పూర్తి జీవితం ఇవ్వచ్చు.

కుక్క బతుకు ఎలా ఉందన్నది కూడా ఈ లెక్కలో భాగమే. రోజంతా గదిలో మూసి ఉండి, ప్రతి శబ్దానికీ ఒళ్లు బిగబట్టి, నిద్రలోనూ ఉలిక్కిపడే కుక్క జబ్బుతో ఉన్నట్టే. రక్త పరీక్షలో కనబడనంత మాత్రాన ఆ బాధ లేదని కాదు. చాలా ఇళ్లలో నిర్ణయం ఆలస్యమయ్యేది కుక్క మీది ప్రేమ వల్లే. ఆ ప్రేమ నిజం. ఈ నిర్ణయం తీసుకునేవాళ్లను కసాయివాళ్లుగా చూడడం అన్యాయం. వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి చుట్టాలను ఇంటికి పిలవకుండా, ఊరెళ్లకుండా, చేతులకు కట్లు కట్టుకుని ప్రయత్నించినవాళ్లే.

కోపంలో చేయకూడని పని

కాటు పడిన రోజే కుక్కను చంపించడం వైద్యపరంగానూ తప్పు. రేబిస్ వైరస్ కుక్క లాలాజలంలోకి లక్షణాలు బయటపడడానికి కొద్ది రోజుల ముందే చేరుతుంది. కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే ఆ కాటుతో రేబిస్ రాలేదని నిర్ధారణ అవుతుంది. ముందే చంపేస్తే ఆ ఆధారం పోతుంది. అప్పుడు మెదడు కణజాలాన్ని పరీక్షకు పంపాలి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన రేబిస్ పరీక్షా కేంద్రం ఉంది.

కరవబడిన మనిషి మాత్రం పది రోజులు ఆగకూడదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. చర్మం చీలి రక్తం వచ్చిన కాటుకు టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల మందు) కూడా ఇస్తారు. మనింటి కుక్కకు టీకా వేయించాం కదా అని డాక్టరుకు చూపించకుండా ఉండిపోవడం ప్రాణంతో ఆడుకోవడమే. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్లు ప్రపంచంలోనే అతి కొద్దిమంది.

ఆ రోజు

దూకుడు ఉన్న కుక్కను క్లినిక్‌లో పదిమంది మధ్య కూర్చోబెట్టకుండా, ఇంటి దగ్గరే చేయడానికి ఒప్పుకునే డాక్టరు దొరికితే మంచిది. బయలుదేరే ముందో, డాక్టరు వచ్చే ముందో ఇష్టమైన తిండిలో కలిపి ఇచ్చే మగత మందు రాయించుకోవచ్చు. మొదట కండకు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. కుక్క పది, పదిహేను నిమిషాల్లో నిద్రపోతుంది. ఆ తర్వాత నరంలోకి అనస్థీషియా మందు అధిక మోతాదులో ఎక్కిస్తారు. స్పృహ సెకన్లలో పోతుంది, గుండె కొద్ది నిమిషాల్లో ఆగుతుంది. కళ్లు తెరిచే ఉండొచ్చు, చివర్లో ఒకటి రెండుసార్లు ఊపిరి ఎగపీల్చినట్టు అనిపించొచ్చు. అది బాధ వల్ల జరిగేది కాదు. మత్తు ఇవ్వకుండా నేరుగా మెగ్నీషియం సల్ఫేట్ లాంటివి ఎక్కించే పద్ధతికి ఒప్పుకోకూడదు. ఏ మందు, ఏ వరుసలో ఇస్తారని ముందే అడగడం యజమాని హక్కు. అంత్యక్రియలకు బెంగళూరు కెంగేరిలో పీపుల్ ఫర్ ఆనిమల్స్ అనే జంతు సంరక్షణ సంస్థ ప్రాంగణంలో పెంపుడు జంతువుల శ్మశానం ఉంది.

పిల్లలకు ఏం చెప్పాలి

జబ్బుతో కుక్క చనిపోతే చుట్టాలు ఫోన్ చేస్తారు. ఇలా చనిపోతే ఇంట్లోవాళ్లు ఎవరికీ చెప్పుకోలేరు. కరిచినందుకు చంపేశారన్న మాట పడాల్సి వస్తుందన్న టెన్షన్, ఇంకో నెల ఆగి ఉంటే అన్న అపరాధ భావం, తలుపు తీయడానికి ఇక భయపడక్కర్లేదన్న ఊరట ఒకేసారి వస్తాయి. ఆ ఊరట కలిగినందుకు సిగ్గుపడేవాళ్లూ ఉంటారు.

పిల్లల దగ్గర చాలామంది మళ్లీ పాత మాటకే వెళతారు: "బ్రూనోను ఊరికి పంపాం." ఐదారేళ్లు దాటిన పిల్లలకు నిజమే చెప్పవచ్చు. దాని మెదడులో భయం జబ్బులా పెరిగిందని, మందులతో తగ్గలేదని, నొప్పి లేకుండా చనిపోయేలా డాక్టరు చేశారని, పిల్లలు చేసిన తప్పేమీ లేదని. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కారు దిగుతూనే పెరట్లోకి పరుగెత్తి దాని పేరు పెట్టి పిలిచేది వాళ్లే.